కల్లం అని రాసిన చోట

లేఅవుట్ తొలి ప్లాన్‌లో ఏమేం ఉండాలో చెప్పే జాబితాలో ఒక వాక్యం ఉంటుంది. స్థలంలోనూ, దాని చుట్టుపక్కలా ఉన్న దారులు, కాలవలు, బావులు, కరెంటు లైన్లు, సమాధులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చూపాలని. ఇరవై ఏళ్లకు పైగా ఆ వాక్యం కింద సంతకం పెడుతున్నాను. ఇన్నేళ్లలో ఉన్నవి ఉన్నట్టు చూపించమని నన్ను అడిగినవాడు ఒక్కడు కూడా లేడు. ఉన్నవి లేనట్టు ఎలా చూపించాలో మాత్రం ప్రతివాడూ అడిగాడు.

లేఅవుట్ ప్లాన్లు గీసే నా ఆఫీసు నల్లపాడు స్టేషన్‌కి దగ్గర్లో ఒక మేడ మీద గది. నాకు నోటి దురుసు ఎక్కువని పేరుంది. అది నిజమే. బావిని పూడ్చేశాం, ప్లాన్‌లోంచి తీసెయ్యండి అని వచ్చినవాణ్ణి మెట్ల దాకా తిట్టి పంపిన రోజులున్నాయి. పూడ్చిన బావిని కూడా చుక్కల గీతతో చూపించేవాణ్ణి. నా ప్లాన్‌లో అబద్ధం ఉండదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. ఆ గర్వమే నా కొంప ముంచింది. నా కొంప మునిగితే పోనీ, వేరేవాళ్ల దారి ముంచాను.

ఆ పన్నెండెకరాల లేఅవుట్ పని తెచ్చినవాడు పత్తి విత్తనాల డీలరు. అతని దగ్గర కొన్న విత్తనాలు మొలవలేదని రైతులు కొట్టు ముందు కూర్చుంటే, షట్టరు దించి వెనక తలుపులోంచి వెళ్లిపోయిన మనిషి. ఆ తర్వాత వెంచర్లలోకి దిగాడు. మనిషిని చూడగానే నాకు ఒళ్లు మండింది. అయినా పని ఒప్పుకున్నాను, ఎందుకంటే అలాంటివాళ్ల పనులు వద్దనుకుంటే నాకు పనే ఉండదు. అతను ప్రతివాళ్లకీ ఒక మాట చెప్పేవాడు, ప్లాటు చూడటానికి వచ్చినవాళ్లకి కూడా. "మా నాన్న మిరప రైతేనండి. నేను కల్లంలో పుట్టి పెరిగినవాణ్ణి." వ్యాపారం కోసం చెబుతున్నాడనుకున్నాను. అతను చెప్పినవాటిలో నిజం అదొక్కటేనని ఏడాది తర్వాత తెలిసింది.

కొలతలకి వెళ్లింది ఫిబ్రవరి చివర్లో. చేను మధ్యలో ఇంకా రెండో కోత నడుస్తోంది. తూర్పు హద్దు వెంబడి, రోడ్డు దగ్గర మొదలుపెట్టి వెనక దాకా, సన్నగా పొడుగ్గా మిరపకాయ పోసి ఉంది. ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. మాది మంగళగిరి, నేత కుటుంబం. మగ్గం గుంట ఎంత లోతుండాలో చెప్పగలను గానీ మిరపకాయ ఎక్కడ ఎండబెడతారో, ఎందుకక్కడే ఎండబెడతారో నాకు తెలియదు. కౌలు రైతు దగ్గర్లో నిలబడి ఉంటే, ఇదేంటి అని అడిగాను.

"కల్లమండి," అన్నాడు.

చేతిలో ఉన్న చిత్తు పటం మీద కల్లం అని రాసుకున్నాను.

ఆ కాయ పక్కన రంగు పోయిన తాలు ఏరుతున్న ఆడవాళ్లలోంచి ఒకామె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. డెబ్బై ఏళ్లుంటాయి. ముక్కుకి అడ్డంగా కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి నా దగ్గరికి వచ్చింది.

"దేనికి కొలుస్తున్నారు బాబూ?"

"ప్లాట్లకి, పెద్దమ్మా."

"అయితే ఇది దారి. రాసుకో."

"ఏది?"

"ఇదే. కాయ కింద ఉంది."

నాకు నవ్వొచ్చింది. "దారయితే దాని మీద కాయెందుకు పోశారు?" అన్నాను.

"కాయ ఎండేదాకా కల్లం. ఎత్తితే దారి. మా సమాధుల దొడ్డికి మేం పొయ్యే దారి."

"సరేలే పెద్దమ్మా, రాసుకుంటాలే."

రాసుకోలేదు. ఆఫీసుకి వచ్చి గ్రామ పటం తీసి చూశాను. డొంక దారి ఉంటే పటంలో జంట గీతలుంటాయి. అక్కడ ఏమీ లేదు. కాగితానికీ కూలిపనికొచ్చిన ముసలామె మాటకీ తేడా వస్తే కాగితాన్నే నమ్మాలని నాకు చదువు నేర్పింది. అంత చదువు చదివినందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం.

ప్లాన్ మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఉత్తరం గుర్తు, స్కేలు, చుట్టుపక్కల సర్వే నంబర్లు, వాన నీళ్లు ఎటు పారతాయో చూపే బాణాలు, మలుపుల దగ్గర కోసిన ప్లాటు మూలలు, పార్కుకి వదిలిన చోటు, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వచ్చే రోడ్డు వెడల్పు, అన్నీ అడిగినవి అడిగినట్టు చూపించాను. తూర్పు హద్దు వెంబడి పదకొండు ప్లాట్లు వరసగా పడ్డాయి. వాటి మీద సన్నని అక్షరాలతో కల్లం అని రాశాను. కల్లం అంటే నాలుగు రోజులుండి పోయేది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వెనక హద్దు అవతల సమాధుల దొడ్డిని కూడా చూపించాను, దాని చుట్టూ వదలాల్సిన ఖాళీతో సహా. ఆ చోటికి మనుషులు ఎటునుంచి వెళతారని నన్ను నేను అడగలేదు. ఒక చోటంటూ ఉంటే దానికి దారి ఉంటుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. నేను సంతకం పెట్టి ఇచ్చేశాను.

హద్దురాళ్ల గుర్తులు పెట్టడానికి జూన్‌లో మళ్లీ వెళ్లాను. చేను దున్నేసి ఉంది. తూర్పు హద్దు వెంబడి మాత్రం గడ్డి మొలవని గట్టి నేల, నున్నగా, రోడ్డు నుంచి సమాధుల దొడ్డి దాకా తిన్నగా కనిపించింది. అది బండి తిరిగిన గాడి కాదు, మనుషుల కాళ్లు అరగదీసిన నేల. అక్కడక్కడ కాయల ఎర్ర మరకలింకా ఉన్నాయి. రోడ్డు వైపు రాతి స్తంభాలు పాతి, అడ్డంగా ముళ్లతీగ బిగించారు.

ఆమె పేట రోడ్డవతలే. నన్ను చూసి వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రాసుకుంటానన్నావు," అంది.

"పటంలో దారి లేదు పెద్దమ్మా."

"పటం గీసినోడు కూడా కాయ పోసినప్పుడే వచ్చుంటాడు."

ఆ తర్వాత అక్కడి పద్ధతి చెప్పింది. చేను ఎన్ని చేతులు మారినా, కాయల కాలంలో ఆ దారి మీద కల్లం వేసుకోవడానికి పేటవాళ్లు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఈస్టర్ ముందు రోజు రైతే కాయని రెండు పక్కలకీ లాగిస్తాడు, తెల్లవారుజామున వీళ్లు కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వెళతారు కాబట్టి. ఈలోగా పేటలో ఎవరైనా చనిపోతే, శవపెట్టె రోడ్డు దిగేసరికి కాయ లాగేసి ఉంటుంది. "మేం అడగం. ఆళ్లు అడిగించుకోరు. మా అత్తగారి నాటి నుంచీ అంతే," అంది. కాగితం అవసరం రానంత మర్యాదగా నడిచిన వ్యవహారం అది. కాగితం లేకపోవడమే దాని తప్పయిపోయింది.

"మా ఆయన అక్కడున్నాడు. పక్కన నా చోటు ఉంచారు. ఇప్పుడు చెప్పు, నన్ను ఎటు తీసుకుపోతారు?"

హద్దు గుర్తులు పెట్టకుండా సామాను సర్దుకుని, నేరుగా విత్తనాల కొట్టుకి వెళ్లాను.

"కంచె తీయించండి. అక్కడ దారి ఉంది, ప్లాన్ మార్చాలి," అన్నాను.

డీలరు కుర్చీలోంచి లేవలేదు. "ఏ దారండీ?"

"సమాధుల దొడ్డి దారి."

"మీ ప్లాన్‌లో ఏమని రాశారు?"

"కల్లం అని."

"మరింకేం? మీ చేత్తో మీరే రాశారు. కింద సంతకం ఎవరిది, నాదా?"

"కాయ కింద దారి ఉందని మీకు తెలీదా? కల్లంలో పుట్టి పెరిగానంటారుగా."

"నన్నడిగావా?" మీరులోంచి నువ్వులోకి అంత తేలిగ్గా దిగిపోయాడు. "అడిగితే చెప్పేవాణ్ణి. అడక్కపోయినా చెప్పడానికి నాకేమన్నా పిచ్చా?"

"నేను ఆఫీసులో రాసిస్తాను, నా ప్లాన్ తప్పని."

"రాసిచ్చుకో. పోయేది నీ లైసెన్సు. నాకు ప్లాన్ గీసేవాళ్లే దొరకరా?"

అతని మీద చెయ్యి చేసుకోలేదు. అందులో నా గొప్పేమీ లేదు, కొట్లో అతని మనుషులు నలుగురున్నారు.

మర్నాడే ఉత్తరం రాసుకుని ప్లాన్లు ఆమోదించే ఆఫీసుకి వెళ్లాను. తొలి ప్లాన్ ఇంకా తొలి ప్లానే, అభ్యంతరాలు వింటారు, మార్చడానికి వీలుంటుంది, తొలి ప్లాన్ పెట్టిందే అందుకు. నాకు తెలిసిన రూలు అది. అక్కడి అధికారి నా ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"ఏమయ్యా, నీ సంతకం మీద నువ్వే ఫిర్యాదా?"

"అవునండి. అక్కడ దారి ఉంది, నేను చూపించలేదు."

"గ్రామ పటంలో ఉందా?"

"లేదండి."

"పంచాయతీ రిజిస్టరులో?"

"లేదండి."

"మరెక్కడుందయ్యా నీ దారి?"

"నేల మీద ఉందండి."

పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వాడు. "ఉన్నవి ఉన్నట్టు చూపాలనే రూలు మీదేగా అండి," అన్నాను.

"అది నువ్వు పాటించాల్సింది. నేను చూడాల్సింది కాగితం. నీ కాగితంలో కల్లం అని ఉంది." ఉత్తరాన్ని ఫైల్లో పెట్టాడు. "ఒకసారి స్థలం చూస్తాం. ఈలోగా తప్పుడు ప్లాన్ ఇచ్చినందుకు నీకు నోటీసు వస్తుంది."

నోటీసు వారంలోనే వచ్చింది. తర్వాత కొన్నాళ్లు లైసెన్సు ఆపారు కూడా. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు, ఆ ఆఫీసు మొత్తంలో న్యాయంగా జరిగిన పని అదొక్కటే. స్థలం చూస్తామన్నవాళ్లు మాత్రం రాలేదు. ఒకసారి జీపు లేదన్నారు, ఒకసారి ఎన్నికల పనన్నారు, ఒకసారి వాన అన్నారు. అదే వానల్లో పేటలో ఒకాయన చనిపోతే, అవతలి వైపు నుంచి చుట్టూ తిరిగి, కాలవలో నడుము లోతు నీళ్లలో దిగి, పెట్టెని తలల మీద ఎత్తుకుని దాటించారు. నాకు ఆ సంగతి చెప్పింది ఆ ముసలామే. వాయిదా పడిన ప్రతిసారీ నేను వెళ్లి ఆమెకి చెప్పేవాణ్ణి. మూడోసారి ఆమెకి విసుగొచ్చింది.

"ఎందుకొస్తావు ఊరికే? నువ్వు మంచోడివని నాతో అనిపించుకోడానికా?"

అందుకే వెళుతున్నానని ఆమె అన్నాకే నాకు తెలిసింది. ఇక వెళ్లలేదు.

చివరికి అధికారి వచ్చే తేదీ ఖాయమయ్యేసరికి మళ్లీ ఫిబ్రవరి వచ్చేసింది. ఉదయం పదకొండు గంటలకి రమ్మని నాకూ, పేటకీ కబురు పెట్టారు. నేను పది గంటలకే వెళ్లాను. వెళ్లి చూస్తే కంచె లేదు. స్తంభాలు పీకిన గుంతలు కూడా పూడ్చి ఉన్నాయి. వాటి మీదుగా, రోడ్డు నుంచి వెనక దాకా, ఆ దారి వెడల్పున అంగుళం ఖాళీ లేకుండా మిరపకాయ పోసి ఉంది. ఆ పొలంలో ఆ ఏడు మిరప వెయ్యనే లేదు. పక్క పొలం రైతుని పిలిచి, కాయ అక్కడ ఎండబెట్టుకోమన్నాడు డీలరు. కాయ తిరగెయ్యడానికి చెక్క పలకలు పట్టుకుని నలుగురు కూలీలు గట్టు మీద కూర్చున్నారు.

అధికారి జీపు దిగుతూనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. డీలరు ఎదురెళ్లాడు.

"చూడండి సార్. నిరుడూ కల్లమే, ఇప్పుడూ కల్లమే. ఈయన ప్లాన్‌లో కరెక్టుగానే రాశాడు. తర్వాతే ఈయనకేదో అయింది."

అధికారి నా వైపు తిరిగాడు. "చూపించవయ్యా నీ దారి."

"కాయ కింద ఉందండి," అన్నాను. ఏడాది కిందట ఆమె నాతో అన్న మాట, అదే చోట, అవే అక్షరాలు. అధికారి నవ్విన నవ్వు కూడా నేను నవ్విన నవ్వే. కాయ తీయించి చూడమన్నాను. వేరే రైతు కాయ మీద చెయ్యి వేసే అధికారం తనకి లేదన్నాడు. డీలరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ క్షణాన అతన్ని చంపాలన్నంత కోపం వచ్చింది. కానీ అతని చేతిలో ఉన్న ఆయుధం నా ప్లానే.

అప్పుడు రోడ్డవతల నుంచి పాట వినిపించింది. పేటలోంచి జనం వస్తున్నారు. ముందు పాస్టరుగారు, వెనక పెట్టె మోసుకుంటూ ఆరుగురు, వాళ్ల వెనక ఆడవాళ్లు. రోడ్డు దాటారు. కాలవ వైపు తిరగలేదు, తిన్నగా కాయ దగ్గరికి వచ్చి ఆగారు. పాట కూడా ఆగింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

డీలరు అప్పటికే చెప్పులు విడిచేశాడు. గట్టు వైపు తిరిగి అరిచాడు.

"ఒరేయ్, పెట్టె వస్తుంటే చూస్తా కూర్చుంటారేంట్రా? కాయ లాగండి."

ఆ నలుగురూ అతను అనకముందే లేచారు. పలకలు కాయలో దింపి రెండు పక్కలకీ లాగడం మొదలుపెట్టారు. వాళ్ల చేతులు చాలట్లేదనిపించిందో ఏమో, డీలరు ఒకడి చేతిలో పలక లాక్కుని, పంచె ఎగ్గట్టి, తనే వంగాడు. చిన్నప్పటి నుంచి చేసిన పని అది, నడుము దానంతటదే వంగింది, ఒక్కటి కూడా నలగకుండా కాయ పక్కకి జరుగుతోంది. కల్లంలో పుట్టి పెరిగానన్న మాట నేను నమ్మింది అప్పుడే. కాయ తొలగిన చోట నున్నటి నేల బయటపడింది, రోడ్డు నుంచి వెనక దాకా. పెట్టె నెమ్మదిగా దాని మీద నడిచింది.

సగం దూరం లాగాక డీలరు ఆగిపోయాడు. పలక చేతిలోనే ఉంది. తలెత్తి మమ్మల్ని చూశాడు. తను ఏం చేశాడో అప్పుడు తెలిసినట్టుంది. అధికారి రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కల్లం మీదుగా శవాన్ని పంపించడమేంటయ్యా?" అని డీలర్ని అడిగాడు.

డీలరు పలక కూలీకిచ్చి, చెప్పులు వేసుకోకుండానే కారు వైపు నడిచాడు.

"వెడల్పు ఎంతో కొలువు," అన్నాడు అధికారి నాతో.

టేపు తీశాను. పటంలో లేని దారికి అంచులెక్కడని చూస్తే, లాగిన కాయే రెండు పక్కలా అంచు కట్టి ఉంది. పెట్టె, దానికి అటూ ఇటూ మోసేవాళ్లు, వాళ్ల పక్కన ఒక్కొక్కరు నడిచేంత చోటు. కూలీలు అంతకంటే ఎక్కువ లాగలేదు, తక్కువా లాగలేదు. పన్నెండు అడుగులు వచ్చింది. ప్లాన్ కాపీ మీద కల్లం అన్న మాట కొట్టేసి దారి అని రాసి, కింద అధికారి ముందు సంతకం పెట్టాను. ఆ దారి మీద పడ్డ పదకొండు ప్లాట్లూ పోయాయి.

పెట్టెలో ఎవరున్నారని నేను అప్పటిదాకా అడగలేదు. అడగాల్సిన అవసరం లేదని లోపల ఎక్కడో తెలుసు. సమాధుల దొడ్డిలో ప్రార్థన అయ్యాక జనం తిరిగి వచ్చేటప్పుడు, యాభై ఏళ్ల ఆడమనిషి ఒకామె నా దగ్గర ఆగింది. ముసలామె కూతురు. తల్లి ముఖమే.

"నిన్న పొద్దున పోయింది," అంది. "సమాధి నిన్నే అయిపోవాల్సింది. నేను పోతే ఆఫీసర్లు వచ్చేదాకా నన్ను ఆపండని, మంచాన పడ్డాక వారం కిందటే చెప్పిపెట్టింది. ఆపాం."

నేను తల దించుకున్నాను.

"రాసుకున్నారా?"

"రాసుకున్నానమ్మా."

ఆమె నా చేతిలో కాగితం వైపు చూడలేదు. "మీ పని మా అమ్మ చేత చేయించారు," అంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, లాగిన కాయ మధ్యలోంచి నడిచి, రోడ్డెక్కి వెళ్లిపోయింది.